లంబసింగి బయల్దేరే ముందు: మన అపార్టుమెంటు అసోసియేషన్ కమిటీకి బహిరంగ లేఖ

కమిటీ సభ్యులకు, మనతో లంబసింగి వస్తున్న కుటుంబాలందరికీ నమస్కారం.

డిసెంబరులో ఒక శని, ఆదివారం అందరం కలిసి లంబసింగి వెళ్లి టెంట్లలో ఉందామని మీరు చేసిన ఏర్పాటు నాకు చాలా నచ్చింది. ఏళ్ల తరబడి ఒకే మెట్ల మీద ఎక్కి దిగుతూ పేర్లు కూడా సరిగ్గా తెలియని వాళ్లం, రెండు రోజులు ఒకచోట వండుకుని తింటామంటే మంచిదే కదా. పిల్లల పరీక్షలు చూసుకుని తేదీ పెట్టారు. పెద్దవాళ్లకు బస్సులో ముందు సీట్లు అన్నారు. శాకాహారులకు వంట వేరుగా అన్నారు. మీరు పడుతున్న శ్రమ కనబడుతూనే ఉంది.

మీరు ఇంటింటికీ పంచిన సూచనల కాగితం కూడా జాగ్రత్తగా చదివాను. బస్సు ఎన్ని గంటలకు, టీషర్టు ఏ రంగు, అంత్యాక్షరి ఎప్పుడు, బిర్యానీ ఎవరు వండుతారు, ఇవన్నీ ఉన్నాయి. రాత్రి టెంటులో నిప్పు గురించి లేదు. పాము గురించి లేదు. మనం వెళ్తున్న ఊళ్లో ఉండే మనుషుల గురించి ఒక్క ముక్క లేదు. ఇవి చేర్చకుండా బయల్దేరవద్దని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. కమిటీకి మాత్రమే ఇస్తే ఫైల్లో ఉండిపోతుంది, అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యానని మీలో చాలామందికి తెలుసు. సర్వీసులో కొంతకాలం లంబసింగి ఉన్న చింతపల్లి వైపు ఏజెన్సీలోనే, అంటే గిరిజన కొండ ప్రాంతంలోనే, పనిచేశాను. అక్కడి చలి, అక్కడి జ్వరాలు, అక్కడి మనుషులు నాకు తెలుసు.

ముందు చలి సంగతి. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. విశాఖలో డిసెంబరు రాత్రికి పలచటి దుప్పటి సరిపోతుంది. అక్కడ తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే, కొన్ని రోజులు సున్నా దగ్గరికి కూడా వెళ్తుంది. ఆ చలికి తట్టుకోలేక చాలామంది ఒక పని చేస్తారు. చలిమంటలో మిగిలిన నిప్పులు కుంపట్లోనో ఇనుప గమేళాలోనో ఎత్తి టెంటు లోపల పెట్టుకుంటారు. మంట లేదు, పొగ లేదు, వెచ్చగా ఉంది, ఇంకేం భయం అనుకుంటారు. భయపడాల్సింది సరిగ్గా అప్పుడే. బొగ్గు నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. గాలి ఆడని చోట పీలిస్తే రక్తంలో ఆక్సిజన్ చేరాల్సిన చోట అది చేరి కూర్చుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మగత. మెలకువగా ఉన్నవాళ్లకైతే ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. నిద్రపోతున్నవాళ్లకు అదీ తెలియదు, మళ్లీ లేవరు. తలుపులన్నీ మూసి గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి చనిపోయాయన్న వార్తలు చలికాలంలో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. టెంటు గుడ్డ కదా, గాలి వస్తుందిలే అనుకోకండి. వాన నీరు దిగకుండా కుట్టిన గుడ్డలోంచి, జిప్పు లాగేశాక, గాలి కూడా పెద్దగా ఆడదు.

కాబట్టి కాగితంలో మొదటి మాట ఇదే ఉండాలి: టెంటు లోపల కుంపటి, బొగ్గులు, గ్యాస్ స్టవ్, కొవ్వొత్తి, దోమల చుట్ట, వీటిలో ఏదీ వెలిగించకూడదు. చిన్నపిల్లలున్నారని, ముసలివాళ్లున్నారని ఎవరికీ మినహాయింపు వద్దు. ఆ మినహాయింపు అడిగేవాళ్లకే ముప్పు ఎక్కువ. రాత్రి అందరూ పడుకున్నాక ఇద్దరు మనుషులు ఒక్కో టెంటు దగ్గరికీ వెళ్లి అడిగి రావాలి. మొహమాటపడొద్దు.

నిప్పు లేకుండా వెచ్చగా ఉండొచ్చు. చలి పైనుంచి కంటే కింద నేల నుంచి ఎక్కువ పట్టుకుంటుంది. చాలామంది మూడు దుప్పట్లు కప్పుకుంటారు, కింద మాత్రం ఒక్క దుప్పటే వేసుకుంటారు. తిరగేయండి. కింద టార్పాలిన్, దాని మీద మందపాటి చాప, దానిమీద దుప్పటి లేదా బొంత, ఆ తర్వాతే మీరు. పగలంతా తిరిగిన చెమట బట్టలతో పడుకోకుండా పొడి బట్టలు మార్చుకోండి. తలకు మంకీ క్యాప్, కాళ్లకు సాక్సులు. మరీ చలి అనిపిస్తే వేడినీళ్లు సీసాలో పోసి మూత గట్టిగా బిగించి, టవల్లో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి.

ఇక్కడే మందు విషయం కూడా మాట్లాడాలి. అందరికీ ఇబ్బందిగా ఉంటుందని కాగితంలో దాటేసినట్టున్నారు. మందు తాగితే ఒళ్లు వేడెక్కుతుందన్నది తప్పు. చర్మం దగ్గర రక్తనాళాలు విప్పారి వెచ్చగా అనిపిస్తుంది, కానీ ఒంట్లోని వేడి ఆ దారినే బయటికి పోతుంది. తాగి చలిలో బయట నిద్రపోయిన మనిషికి ప్రాణాపాయం ఉంది. ఇది ఆరోగ్యం సంగతి. ఇంకో సంగతి కూడా ఉంది. ఆడవాళ్లు, వయసొచ్చిన ఆడపిల్లలు అర్ధరాత్రి చీకట్లో టాయిలెట్టుకు వెళ్లాల్సి వస్తుంది. పక్కన మగవాళ్లు తాగి కూర్చుని ఉంటే వాళ్లు వెళ్లలేరు. పొద్దున్న దాకా ఆపుకుంటారు, దానికోసం సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. అలా చేసి యూరిన్ ఇన్ఫెక్షన్‌తో వచ్చిన ఆడవాళ్లను నా సర్వీసులో చూస్తూనే వచ్చాను. క్యాంపులో మందు వద్దని రాయండి. ఆ ఒక్క రాత్రి మానుకోవడం ఎవరికీ కష్టం కాకూడదు. టాయిలెట్ల దగ్గర రాత్రంతా లైటు ఉండేలా చూడండి.

పాముల గురించి. చలికాలంలో పాములు తక్కువగా తిరుగుతాయి, నిజమే. అసలు ఉండవనుకోవద్దు. నేల మీద పడుకునేవాళ్లకు ఎక్కువ ప్రమాదం కట్లపాముతో. అది రాత్రిపూట తిరుగుతుంది. కరిస్తే పెద్దగా నొప్పి ఉండదు, వాపు ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనబడదు. దోమో చీమో కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు. కొన్ని గంటలకు కడుపునొప్పి, ఆ తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, చివరికి ఊపిరి అందకపోవడం. తెల్లారి లేచిన మనిషి కళ్లు తెరవలేకపోతున్నానంటే నిద్ర చాలలేదని ఊరుకోకండి. గాటు కనబడలేదని కూడా ఊరుకోకండి. వెంటనే 108కు ఫోన్ చేయాలి లేదా మన బండిలోనే తీసుకెళ్లాలి. చింతపల్లిలో, నర్సీపట్నంలో ప్రభుత్వాసుపత్రులున్నాయి. పాము విషానికి మందు యాంటీవీనం ఒక్కటే. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం, ఇవన్నీ టైము తినేస్తాయి, బిగించి కట్టినచోట కాలు పాడవుతుంది కూడా. కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా కర్రబద్దతో వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లాలి. పామును వెతికి చంపే పని పెట్టుకోవద్దు.

ఇందుకు ముందే చేయాల్సినవి చిన్నవే. టెంటు జిప్పు ఎప్పుడూ వేసి ఉంచడం, బూట్లు తొడిగే ముందు దులపడం, రాత్రి టార్చి లేకుండా అడుగు వేయకపోవడం, తిన్న మెతుకులు టెంటు దగ్గర పారేయకపోవడం. మెతుకులకు ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక పాములు వస్తాయి. చలిమంట కోసం పేర్చిన కట్టెల మోపులో చెయ్యి పెట్టే పని పిల్లలకు ఇవ్వొద్దు. ఏజెన్సీలో అన్నిచోట్లా సిగ్నల్ ఉండదు కాబట్టి టెంట్లు వేసే చోట ఏ కంపెనీ సిమ్ పనిచేస్తుందో ముందే కనుక్కోండి. రాత్రంతా ఒక బండి, తాగని, నిద్రమత్తులో లేని ఒక డ్రైవరు సిద్ధంగా ఉండాలి.

జ్వరాల గురించి ఎక్కువ చెప్పను గానీ ఒక్కటి గుర్తుంచుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు, మామూలుగా వారం దాటాకే వస్తుంది, నెల దాకా పట్టొచ్చు. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లికంటే చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా అంతే. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, అది చాలాసార్లు బట్టల కింద, చంకలోనో గజ్జల్లోనో ఉండి కనబడదు. రెండింటికీ మంచి మందులున్నాయి. క్యాంపు నుంచి వచ్చిన నెలలోపు ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరుతో మొదటి మాటగా ఏజెన్సీకి వెళ్లొచ్చామని చెప్పండి. ఆ మాట చెప్పకపోతే వైరల్ ఫీవర్ అనుకుని పారాసెటమాల్ ఇచ్చి పంపిస్తారు, విలువైన రోజులు పోతాయి.

మబ్బుల సముద్రం చూడటానికి తెల్లవారకముందే చెరువులవేనం కొండ ఎక్కాలని ప్రోగ్రాంలో ఉంది. చూడదగ్గ చోటే. గుండె జబ్బున్నవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ చలిలో పరగడుపున ఎక్కడం గురించి తమ డాక్టర్ని అడిగి రావాలి. ఇన్‌హేలర్ బ్యాగులో అడుగున కాదు, జేబులో ఉండాలి. షుగరు ఉన్నవాళ్లు ఏమీ తినకుండా ఎక్కొద్దు. జలపాతం దగ్గర లోతు తెలియని నీళ్లలోకి ఎవరూ దిగొద్దు, ఈత వచ్చినవాళ్లు కూడా.

ఇక ఊరి సంగతి. అన్నిటికంటే ఇదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

లంబసింగి పిక్నిక్ స్పాట్ అయ్యాక మనం దాన్ని ఊరిగా చూడటం మానేశాం. అక్కడ ఆదివాసీ కుటుంబాలు ఉంటున్నాయి. వాళ్లు తెల్లవారకముందే లేచి పొలానికి, కాఫీ తోటకు వెళ్లేవాళ్లు. మనం వెళ్లే డిసెంబరు కాఫీ పండ్లు కోసే కాలం. రాత్రి రెండింటి దాకా మన స్పీకర్లు మోగుతుంటే వాళ్లు ఎప్పుడు పడుకుంటారు? లోయలో శబ్దం ఎంత దూరం పోతుందో టెంటులో కూర్చున్న మనకు తెలియదు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలే చెబుతున్నాయి. మన అపార్టుమెంటు పక్క ఖాళీ స్థలంలో డీజే పెడితే పోలీసులకు ఫోన్ చేసింది మన కమిటీయే. అదే న్యాయం ఆ ఊరికీ వర్తిస్తుంది. నా విన్నపం ఇంకాస్త ముందుకు వెళ్తుంది: స్పీకరే తీసుకెళ్లొద్దు. అంత్యాక్షరికి గొంతులు చాలు.

వలిసె పూల తోటల్లో ఫొటోలు దిగుదామని కొందరు అనుకుంటున్నారు. పసుపుపచ్చగా పరుచుకున్న ఆ పూలు వలిసె చేను, నూనె గింజల పంట. ఒక్కొక్కరు ఒక్కో అడుగు లోపలికి వేస్తే సాయంత్రానికి చేను మధ్యలో బాటలు పడతాయి, తొక్కిన మొక్క గింజ కట్టదు. అది ఒక కుటుంబపు ఏడాది ఆదాయంలో భాగం. గట్టు మీద నిలబడి తీసుకోండి. రైతు పదో ఇరవయ్యో అడిగితే బేరమాడకుండా ఇవ్వండి. కాఫీ పండ్లు, మిరియాల గుత్తులు సరదాకు తెంపుకోవద్దు. అవీ పంటే.

నీళ్ల గురించి పిల్లలకూ పెద్దలకూ గట్టిగా చెప్పాలి. కొండ ఊళ్లలో చాలాచోట్ల తాగేది ఊట నీళ్లు, గెడ్డ (వాగు) నీళ్లు. మనం పైన గెడ్డలో సబ్బుతో గిన్నెలు కడిగితే, షాంపూతో స్నానం చేస్తే, కింది ఊరివాళ్లు ఆ నీళ్లే బిందెలతో పట్టుకెళ్తారు. గెడ్డ ఒడ్డున మలవిసర్జన చేస్తే వాళ్ల పిల్లలకు విరేచనాలు వస్తాయి. నేను పనిచేసిన చోట వానాకాలం వార్డు నిండా ఆ పిల్లలే ఉండేవాళ్లు. నీళ్లు బకెట్లలో తెచ్చుకుని గెడ్డకు దూరంగా కడుక్కోవాలి, ఆ మురుగు నేలలోకి ఇంకిపోయేలా చూడాలి. టాయిలెట్లు సరిపడా లేని చోటయితే ఆ చోటే మార్చండి.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా మన వంటల లిస్టులో డిస్పోజబుల్ ప్లేట్లని రాసి ఉంది. విస్తరాకులు కొందాం, లేదా ఎవరి కంచం, ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకుందాం. నీళ్ల సీసాలు ఆ నిషేధంలో లేవు. ఆ కొండల్లో దారి పొడవునా కనబడేవి ఎక్కువగా అవే. పెద్ద క్యాన్లు తీసుకెళ్తే చిన్న సీసాల అవసరమే రాదు. గాజు సీసాలు అసలు వద్దు. పగిలిన గాజుపెంకు మన టైర్లకంటే ముందు పశువుల కాళ్లలో, చెప్పుల్లేకుండా నడిచే పిల్లల కాళ్లలో దిగుతుంది. మన చెత్త మన బస్సులోనే వెనక్కి రావాలి. అక్కడి డబ్బాలో వేసి వచ్చేస్తే సరిపోదు, ఎందుకంటే ఆ ఊరికి మన విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) లారీ రాదు. ఎవరో ఒకరు దాన్ని తగలబెడతారు.

చలిమంటకు పచ్చి కొమ్మలు నరకొద్దు. కట్టెలు ఊళ్లోవాళ్ల దగ్గర కొనండి. ఎండుటాకులు దూరంగా ఊడ్చిన నేల మీద ఒక్క మంట చాలు, టెంటుకో మంట వద్దు. పడుకునే ముందు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చేత్తో తాకి చల్లగా ఉందని చూసుకుని పడుకోవాలి.

అక్కడి ఆడవాళ్లను, పిల్లలను అడక్కుండా ఫొటోలు తీయొద్దు. వాళ్ల ముక్కు కమ్మీలు, చీరకట్టు మనకు వింతగా కనబడొచ్చు. మన ఇంటి గుమ్మంలో మన కూతురికి ఎవరో ఫోన్ ఎత్తి ఫొటో తీస్తే మనకెలా ఉంటుందో అలాగే వాళ్లకూ ఉంటుంది. బస్సు కిటికీలోంచి చాక్లెట్లు, బిస్కెట్లు విసరడం మానేయండి. ఘాట్ రోడ్డులో పిల్లలు బండ్ల వెంట పరిగెత్తడానికి అలవాటు పడేది అలాగే. ఏమైనా ఇవ్వాలనుకుంటే అక్కడి బడి టీచరును కలిసి ఏం కావాలో అడిగి ఇద్దాం. గిరిజనుల థింసా నృత్యం ఆడిస్తామని క్యాంపువాళ్లు చెప్పారట. ఆడేవాళ్లకు ఎంత ఇస్తున్నారో, అది వాళ్ల చేతికే అందుతుందో లేదో అడగండి. చలిలో రాత్రి పదకొండింటికి వాళ్లను పిలిపించకుండా సాయంత్రమే పెట్టుకుందాం.

డబ్బు ఎవరికి పోతోందన్నది టెంట్ల విషయంలో కూడా అడగాలి. లంబసింగి షెడ్యూల్డ్ ప్రాంతం. అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. అయినా గిరిజనుల పేరు ముందు పెట్టి వెనక బయటివాళ్లు నడిపే వ్యాపారాలు ఏజెన్సీలో ఉన్నాయన్న ఆరోపణ చాలాకాలంగా వింటున్నాం. అడ్వాన్సు కట్టే ముందు ఆ స్థలం ఎవరిది, నడిపేది ఎవరు అని పంచాయతీలో కనుక్కోవడం కష్టమేమీ కాదు. ఊరి కుటుంబాలే నడుపుకునే టెంట్లు కాస్త సాదాగా ఉన్నా వాటినే తీసుకుందాం. ఒక పూట వంట కూడా వాళ్లకే అప్పగిస్తే చోడి (రాగి) అంబలి, రాజ్మా కూర, నాటుకోడి పులుసు మన పిల్లలు తిన్నట్టూ ఉంటుంది, ఆ డబ్బు ఊళ్లోనే ఉన్నట్టూ ఉంటుంది.

బస్సు డ్రైవర్ల మాట కాగితంలో ఎక్కడా లేదు. అందరికీ టెంట్లు లెక్కవేశారు, వాళ్లకు వేయలేదు. వాళ్లు బస్సులో సీట్ల మీద ముడుచుకుని పడుకుని, మర్నాడు మనందరినీ పొగమంచులో ఘాట్ దింపాలా? వాళ్లకూ, మనతో తీసుకెళ్తున్న వంటమనిషికీ, సాయం చేసే అమ్మాయిలకూ టెంటు, చాప, దుప్పట్లు మనకు ఉన్నట్టే ఉండాలి. డ్రైవర్లకు వేళకు భోజనం పెట్టి పదింటికల్లా పడుకోనివ్వాలి. రాత్రి ఆసుపత్రి అవసరానికి ఉంచే డ్రైవరు వేరే మనిషి అయి ఉండాలి, పగలు బస్సు నడిపేవాళ్లను దానికి లేపొద్దు. పొగమంచు విడవకుండా బయల్దేరాలని ఎవరూ వాళ్లను తొందరపెట్టొద్దు, సోమవారం ఆఫీసు ఉన్నా సరే.

కమిటీ నా మాటలన్నీ ఒప్పుకోవాలని లేదు. కొన్ని అతి అనిపించొచ్చు. టెంటులో నిప్పు, మందు, స్పీకరు, డ్రైవర్ల పడక, ఈ నాలుగింటి మీద మాత్రం అడ్వాన్సు కట్టేలోపే ఒక సాయంత్రం అందరినీ సెల్లారులో కూర్చోబెట్టి తేల్చండి. ఒప్పుకున్నవి కాగితంలో ఎక్కించి, వచ్చే ప్రతి కుటుంబంతో సంతకం తీసుకోండి.

ప్రథమ చికిత్స పెట్టె నేను సర్దుతాను, రాత్రి టెంట్లు తిరిగి చూసే ఇద్దరిలో ఒకరిగా నన్ను రాసుకోండి. గర్భిణులు, ఉబ్బసం, గుండెజబ్బు, ఫిట్స్, షుగరు ఉన్నవాళ్లు, ఏదైనా మందు పడనివాళ్లు తమ పేరు, వాడే మందుల పేర్లు బయల్దేరడానికి వారం ముందే నాకు చెప్పండి. ఆ వివరాలు నా దగ్గరే ఉంటాయి, కమిటీకి కూడా చూపించను.

ఇట్లు,
మీ రెండో అంతస్తు పొరుగు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు